కావలసినంత సంగీతం

కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం అని మనవాళ్లు ఏనాడో అన్నారు. ఆ మాట మొదట అన్నది ఎవరో గాని, బండి తోలేవాడు మాత్రం అయివుండడని నా గట్టి అనుమానం. తోలేవాడికి ఎడ్ల ధ్యాస, దారి ధ్యాస. వెనకాల గడ్డి మీద, చక్రం పక్కనే ఒదిగి, ఒళ్లో పిల్లనీ పక్కన అరిసెల డబ్బానీ పట్టుకుని కూర్చున్న ఇల్లాలే అనివుంటుంది. పుట్టిల్లు చేరేదాకా ఆ ఇరుసు పాట వినవలసినది ఆవిడే కదా! అంత చల్లని వేళాకోళం ఆవిడకే చేతనవును.

కందెనంటే ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి బండి ఇరుసుకి పూసేవారు. అది ఆరిపోతే ఇరుసు కిర్రుమని మొదలెట్టేది. రెండు గట్టి వస్తువులు ఒకదానితో ఒకటి రాసుకుంటున్నాయి, మధ్యన ఉండవలసిన మెత్తనిది లేదు అని దాని అర్థం. బండి పోయి కారొచ్చింది, కందెన పోయి గ్రీజొచ్చింది, గ్రీజుకి తోడు రబ్బరొచ్చింది. కాని కారు కిందనుంచి వచ్చే చప్పుళ్లలో ముప్పాతిక వంతుకి ఇప్పటికీ అదే అర్థం.

నేను బి.ఏ.లో తెలుగు చదువుకున్నప్పుడు ధ్వన్యనుకరణ పదాలని ఒక పాఠం ఉండేది. గలగల, కిలకిల, జలజల అని వల్లించి మార్కులు తెచ్చుకున్నాం. ఆ పాఠం నాకు నవల రాయడంలో ఎంత పనికొచ్చిందో చెప్పలేను గాని, మెకానిక్ షెడ్డులో మాత్రం బాగా పనికొచ్చింది. లొడలొడ వేరు, గలగల వేరు. కీచుమనడం వేరు, కిర్రుమనడం వేరు. గురగురలో తడి ఉంది, గరగరలో పొడి ఉంది. ‘టక్’ అంటే ఒక్క దెబ్బ, ‘టకటక’ అంటే తిరుగుతున్న దెబ్బ. ఇంత తేడా చెప్పగల భాష నోట్లో పెట్టుకుని, మెకానిక్ దగ్గరికి వెళ్లి, “ఏదో చప్పుడొస్తోందండీ” అని ఊరుకోవడం అన్యాయం కాదూ?

ఇక చెవి సంగతంటారా, ఆడవాళ్ల చెవికి వంటిల్లే సంగీత కళాశాల. పోపులో ఆవాలు చిటపటలాడడం ఎక్కడ ఆగితే మినప్పప్పు మాడుతుందో మనకి తెలుసు. గ్రైండరులో గరగర తగ్గి మెత్తగా ‘జొయ్యి’మంటే పిండి నలిగిందని, హాల్లో కూర్చుని పుస్తకం చదువుకుంటూనే చెప్పగలం. మిక్సీలో చింతగింజ పడ్డా, కుక్కరు విజిలు వెయ్యకుండా ‘సుయ్‌’మంటున్నా లేచి వెళ్తాం. ఎవరూ నేర్పలేదు. రోజూ వినే చప్పుడు రోజూలా లేకపోతే మనసు ఠక్కున పట్టుకుంటుంది. నిజానికి కారు జబ్బు కనిపెట్టడమన్నా ఇదే – చప్పుళ్లన్నీ తెలియనక్కర్లేదు, మన బండి నిన్నటి చప్పుడు తెలిస్తే చాలు.

మగవాళ్లకి వినిపించదని నేననను. వినిపిస్తుంది. కాని చాలామంది మగవాళ్లకి కారు గురించి భార్య ముందుగా చెబితే మాత్రం వినిపించదు. మావారి సంగతే తీసుకోండి. “ఎడమ వైపు కింద ఏదో టక్కుమంటోందండీ” అంటే, “రోడ్డు అలా ఉంది” అంటారు. రోడ్డు బాగున్నచోట అంటే, “నీ చెప్పులేమో చూడు” అంటారు. అప్పటికీ వదలకపోతే పాట వాల్యూము పెంచుతారు. కారు కింది చప్పుళ్లన్నిటికీ ఆయనకి తెలిసిన వైద్యం అదొక్కటే. ఈ వైద్యం అన్ని ఇళ్లలోనూ జరుగుతుందని నా స్నేహితురాళ్లు చెప్పారు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

చప్పుళ్లకీ ఒక చరిత్ర ఉంది సుమండీ. మన దేశంలో చాలాకాలం కారంటే అంబాసిడరే. ఇంజను ముందు, అది తిప్పవలసిన చక్రాలు వెనక. ఈ రెంటికీ మధ్య కారు నడుం కింద పొడుగాటి ఇనప గొట్టం ఒకటి తిరుగుతూ ఉండేది. దాని అతుకుల దగ్గరుండే క్రాసులు అరిగాయంటే, గేరు వేసి క్లచ్చి వదలగానే కిందనుంచి ‘ఠంగు’మని గుడిగంట కొట్టినట్టుండేది. వెనక చక్రాల మీద కమాన్ కట్టలు – ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప పట్టీలు – గతుకు వచ్చినప్పుడల్లా ఉయ్యాల గొలుసుల్లా కిర్రుమనేవి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. అది ముందు చక్రాలనే తిప్పే బండి. పొడుగాటి గొట్టం పోయి, ముందు చక్రాల దగ్గర రెండు పొట్టి యాక్సిళ్లు, వాటి చివర కీళ్లు, ఆ కీళ్లకి రబ్బరు తొడుగులు వచ్చాయి. గుడిగంట పోయి మలుపులో టకటకమనే చప్పుడు ఇళ్లకి పరిచయమైంది. ఆ రెండు బళ్ల తయారీ కూడా 2014లోనే ఆగిపోయింది. ఒక తరం చప్పుళ్లు ఒకే ఏడాది సెలవు పుచ్చుకున్నాయన్నమాట.

మా విశాఖపట్నం కార్లకి వీటన్నిటికీ తోడు సముద్రం ఒకటి. పొద్దున్నే బీచి గాలి ఒంటికి మంచిదంటారు. సైలెన్సరుకి మాత్రం మంచిది కాదు. ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, తుప్పుని పరుగెత్తిస్తుంది. పైన కారు తళతళలాడుతూనే ఉంటుంది. కింద బోల్టులు, రేకులు, గొట్టాలు అప్పడాల్లా అయిపోతాయి. ఉక్కు కోసం ఉద్యమం చేసి ఫ్యాక్టరీ తెచ్చుకున్న ఊరు మాది. 1971లో శంకుస్థాపన జరిగింది. ఆ ఊళ్లోనే ఇంటింటా తుప్పుని తిట్టుకుంటూ ఉంటాం.

కిందటి మాఘమాసంలో ఒక ఆదివారం అరసవల్లి సూర్యనారాయణమూర్తి దర్శనానికని బయల్దేరాం. మావారు, మా అత్తయ్యగారు, అమ్మాయి, నేను. అప్పటికి వారం రోజులుగా ఆ ‘టక్’ నా చెవిలో ఉంది. వారమంతా అమ్మాయిని ట్యూషనుకి దింపేది నేను, ఆదివారాలు తోలేది ఆయన. హనుమంతవాక, ఎండాడ, మధురవాడ, కొమ్మాది దాటి హైవే మీద పోతున్నంతసేపూ ఏ చప్పుడూ లేదు. “చూశావా?” అన్నారు మావారు. నేను చూస్తూనే ఉన్నాను. ఆనందపురంలో పూలు కొనాలని ఆపాం.

ఆనందపురం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెల్లవారకముందే చుట్టుపక్కల పల్లెల నుంచి బంతి, చామంతి, లిల్లీ, కనకాంబరం గోతాలకి గోతాలు దిగే పూల మార్కెట్టు అక్కడుంది. ఒకప్పుడు 5వ నెంబరు, 2010లో నెంబర్లు మారాక 16వ నెంబరు అయిన జాతీయ రహదారి మీద ఊరు. శ్రీకాకుళం పోయే దారీ, పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి పోయే దారీ అక్కడే విడిపోతాయి. ఒక పక్క పూల వాసన, ఒక పక్క డీజిలు వాసన. లారీలు ఆగేచోట మెకానిక్కులు ఉండకుండా ఎలా ఉంటారు? పూలు కట్టించుకుని వచ్చి కారు కదిపి రోడ్డు దిగీ దిగగానే, స్పీడ్ బ్రేకరు దగ్గర ‘టక్’మంది. ఈసారి వెనక సీట్లోంచి మా అత్తయ్యగారు కూడా, “అదేమిట్రా ఆ దెబ్బ?” అన్నారు. ఒక ఆడది వింటే అనుమానం, ఇద్దరు వింటే సాక్ష్యం. ఎదురుగా ఉన్న షెడ్డులోకి తిప్పించాను.

మేస్త్రీకి అరవై ఏళ్లుంటాయి. కళ్లజోడుకి దారం కట్టుకున్నాడు. మావారు దిగుతూనే, “ఏం లేదయ్యా, ఆవిడకేదో చప్పుడు వినిపిస్తోందిట” అన్నారు.

“బాబుగోరూ, మీరు కాదండి. ఇన్నోరు సెప్పాల” అని మేస్త్రీ నావైపు తిరిగాడు. “సెప్పండమ్మా. ఏం సప్పుడో తరవాత సూద్దారి. ఎప్పుడొస్తాది?”

ఎప్పుడు! వారం రోజులుగా నన్నెవరూ అడగని ప్రశ్న. ఏం చప్పుడు, ఎక్కడి చప్పుడు, నిజంగా చప్పుడేనా అన్నారు గాని, ఎప్పుడు అని ఎవరూ అడగలేదు. నేను చెప్పాను. హైవే మీద రాదు. స్పీడ్ బ్రేకరు ఎక్కేటప్పుడు రాదు, దిగేటప్పుడు ఒక్కసారి వస్తుంది. వీధి మలుపులో మెల్లగా స్టీరింగు తిప్పుతున్నప్పుడు కూడా ఒక్కటే టక్కు. బ్రేకు వేసినా వెయ్యకపోయినా ఒకటే. ఎడమవైపు ముందు, సరిగ్గా నా కాళ్ల కింద.

మేస్త్రీ తలాడించి, “పదండి, మీరే తోలండి. మీరెలా తోలతారో అలాగే” అని పక్కన కూర్చున్నాడు. డాక్టరు గుమ్మం ఎక్కగానే పిల్లల జ్వరం మాయమైనట్టు మెకానిక్ ఎదురుగా కారు చప్పుడు చెయ్యదని అందరికీ తెలుసు. అందుకే ఆయన తను తోలడట. ఎవరి చేతిలో చప్పుడొచ్చిందో వాళ్ల చేతిలోనే రావాలి. అద్దాలు దింపించాడు, ఏసీ ఫ్యాను ఆపించాడు, ఒక కాంపౌండు గోడ పక్కనుంచి మెల్లగా పోనిమ్మన్నాడు. గోడ ఉంటే కిందనుంచి వచ్చే చప్పుడు దానికి తగిలి మన చెవికే తిరిగొస్తుందిట. స్పీడ్ బ్రేకరు దిగింది. టక్. “అదుగో” అన్నాం ఇద్దరం ఒక్కసారే.

షెడ్డులో ముందు చక్రాలెత్తి, జాకీని నమ్మకుండా కింద గట్టి స్టాండ్లు పెట్టాక, ఎడమ చక్రం కింద గడ్డపార లాంటి కడ్డీ పెట్టి మెల్లగా ఎత్తాడు. చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ అని ఒకటుంది. దాని చివర మన తుంటి ఎముక కీలు లాంటి ఒక గుండు, ఆ గుండుకి ఒక గిన్నె. దాన్ని బాల్ జాయింటంటారు. దాని రబ్బరు తొడుగు చిరిగింది. గ్రీజు కారిపోయింది, ఇసక దూరింది. గుండు గిన్నెలో లొడలొడ ఆడుతోంది. “బాబుగోరూ, సెయ్యెట్టి సూడండి” అన్నాడు. మావారు చెయ్యి పెట్టారు. కడ్డీ ఎత్తినప్పుడల్లా ఆ ‘టక్’ ఆయన వేళ్లకి తగిలింది. చెవి నమ్మనిది చెయ్యి నమ్మింది.

“ఇది ఊడితే ఏమవుతుంది?” అని అడిగాను.

“సక్రం పక్కకి వాలిపోద్దమ్మా. స్టీరింగు మీ సేతిలోనే ఉంటాది, బండి మాట ఇనదు” అన్నాడు.

ఆ రోడ్డు మీద లారీల మధ్య ఎంత వేగంతో వచ్చామో మా నలుగురికీ తెలుసు. ఎవరం ఏం మాట్లాడలేదు. కొత్త ఆర్మ్ ఊళ్లోంచి తెప్పించాలి, రెండు మూడు గంటలు పడుతుందన్నాడు. మా అత్తయ్యగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నెత్తి మీద మండుతున్న ఎండ కేసి చూసి దండం పెట్టి, “ఆయన ఇక్కడా కనిపిస్తూనే ఉన్నాడుగా. అరసవల్లి ఇంకో వారం వెళ్దాం” అన్నారు. దేవుడికని కొన్న పూలలో ఒక దండ మేస్త్రీ చేత షెడ్డులో పటానికి వేయించారు.

ఆ మూడు గంటల్లో నేను నేర్చుకున్నది మీతో పంచుకుంటే మంచిదనిపించింది. చప్పుడు ఎప్పుడు వస్తుందన్న ఒక్క ప్రశ్ననే మేస్త్రీ ఆరు ముక్కలు చేశాడు.

మొదటిది, బండి నిలబడి ఇంజను తిరుగుతుంటే వస్తుందా? వస్తే చక్రాలకీ దానికీ సంబంధం లేదు. సైలెన్సరు వరసలోనో, ఇంజను దిమ్మల్లోనో ఉంటుంది. సైలెన్సరు వేడి పైకి తగలకుండా ఒక పల్చటి రేకు ఉంటుంది. దాని బోల్టు తుప్పు పట్టి వదులైతే, ఖాళీ డబ్బాలో చిల్లర ఆడించినట్టు గలగలమంటుంది. వినడానికి భయం, ఖర్చుకి స్వల్పం. అదే లోతుగా ‘భుర్రు’మంటే మాత్రం సైలెన్సరుకో గొట్టానికో చిల్లి పడిందన్నమాట. అది అశ్రద్ధ చెయ్యకూడదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. అద్దాలు బిగించుకుని వెళ్లే బండిలోకి అది కిందనుంచి చేరితే నిద్రలా వచ్చి ప్రాణం మీదికి తెస్తుంది.

రెండోది, కదిలినప్పుడే వస్తుందా, వేగంతో పెరుగుతుందా? తుమ్మెద రొదలా ‘గూఁ’మంటూ వేగంతోపాటు పెరిగితే చక్రం బేరింగు కావచ్చు, టైరు ఎగుడుదిగుడుగా అరిగి ఉండనూ వచ్చు. రోడ్డు మారినప్పుడు చప్పుడు మారితే టైరు. రోడ్డు ఎలా ఉన్నా అదే రొద ఉండి, బండి కుడివైపు వంపు తిరిగినప్పుడు ఇంకా పెరిగితే ఎడమ బేరింగు. కుడి వంపులో బరువంతా ఎడమ చక్రం మీద పడుతుంది కదా మరి.

మూడోది, స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టకటకమంటుందా? యాక్సిలు కీలు అరిగింది. దాని రబ్బరు తొడుగు చిరిగినప్పుడే, చక్రం లోపలివైపు గ్రీజు చిందిన మరక కనిపించినప్పుడే చూసుకుంటే తొడుగుతో పోతుంది. చప్పుడొచ్చేదాకా ఆగితే కీలుతో పోతుంది.

నాలుగోది, గతుకులో వస్తుందా? బుష్షులు, లింకు రాడ్లు, షాక్ అబ్జార్బర్లు, బాల్ జాయింట్లు. వీటిల్లో ఏదన్నది చెవి ఒక్కటే చెప్పలేదు. బండి ఎత్తి, చేత్తో కదిపి చూడాల్సిందే.

అయిదోది, బ్రేకు దగ్గర వస్తుందా? ఇది నాకు బాగా నచ్చిన సంగతి. చాలా బళ్లలో బ్రేకు ప్యాడు అరిగి పల్చబడగానే కీచుమనడానికే ఒక చిన్న ఇనప నాలుక కావాలని తగిలిస్తారట! వంటగ్యాసుకి తనంతట వాసన ఉండదు, లీకైతే మనకి తెలియాలని ఒక చెడ్డ వాసన కలుపుతారు – ఇదీ అలాంటిదే. ఆ కీచుమనేది ఫిర్యాదు కాదు, ఉత్తరం. అది చదవకుండా పారేస్తే తరవాత ‘గర్రు’మని ఇనుముని ఇనుము గీరే చప్పుడు వస్తుంది. అప్పటికి ప్యాడుతోపాటు పళ్లెం కూడా పోతుంది.

ఆరోది, ఎప్పుడు పోతుంది? రాత్రి వాన కురిసిన తెల్లవారి మొదటి రెండు మూడు బ్రేకులకి గరగరమని ఆ తరవాత పోతే, పళ్లెం మీద పట్టిన పల్చటి తుప్పు తుడుచుకుపోయిందంతే. బండి ఆపాక కింద టిక్కు టిక్కుమంటే, వేడెక్కిన ఇనుము చల్లారుతూ ముడుచుకుంటోంది; రోగం కాదు. ఉన్నట్టుండి చక్రం దగ్గర కర్ణకఠోరంగా గీరుతుంటే, బ్రేకు పళ్లేనికీ దాని వెనక రేకుకీ మధ్య ఒక గులకరాయి ఇరుక్కుని ఉండవచ్చు. ఒక్కోసారి నెమ్మదిగా రెండడుగులు వెనక్కి నడిపితే రాలి పడిపోతుంది. ఇవన్నీ వెతికే ముందు డిక్కీ ఖాళీ చెయ్యండి. జాకీ, పానా, గుడి నుంచి తెచ్చిన కొబ్బరికాయ – ఇవి దొర్లి చేసే చప్పుడుకి బండి విప్పించుకున్నవాళ్లు ఉన్నారని మేస్త్రీ నవ్వాడు.

పక్కనే ఒక లారీ డ్రైవరు ఇనప కడ్డీతో తన బండి టైర్లని వరసగా కొడుతూ పోతున్నాడు. వెనక చక్రాలు జంటలు కదా, లోపలిది కంటికి సరిగా కనబడదు. గాలి సరిగ్గా ఉంటే ‘ఠంగు’మని కడ్డీ ఎగిరిపడుతుంది, లేకపోతే ‘డబ్బు’మని చచ్చుగా పలుకుతుంది. మనం కొబ్బరికాయ వేలితో కొట్టి చూసుకోమూ, అలాగే.

మేస్త్రీ పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వింటుంటే, “డాక్టరు గొట్టంలా ఉందే” అంది మా అమ్మాయి. దాని మాట తప్పు కాదు. 1816లో పారిస్‌లోని నెకేర్ ఆసుపత్రిలో లెనెక్ అనే వైద్యుడి దగ్గరికి గుండెజబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. అప్పటి పద్ధతి రోగి ఛాతీకి నేరుగా చెవి ఆనించి వినడం. పరాయి ఆడపిల్ల, ఆయనకి మొహమాటం. చేతిలో ఉన్న కాయితాలు గొట్టంలా చుట్టి ఒక చివర ఆమె గుండె మీద, ఇంకో చివర తన చెవిలో పెట్టుకున్నాడు. నేరుగా చెవి ఆనించినదానికన్నా స్పష్టంగా వినిపించిందిట. తరవాత కర్రతో గొట్టం చేయించాడు. తను విన్న చప్పుళ్లన్నీ విడదీసి 1819లో పుస్తకం రాశాడు. ఒక ఆడపిల్ల పట్ల మర్యాదలోంచి పుట్టింది స్టెతస్కోపు. ఆ మర్యాదలో సగం ఆడవాళ్ల మాట వినడంలో కూడా చూపిస్తే ఎంత బాగుండును!

ఇదంతా మా అత్తయ్యగారు వింటూ కూర్చున్నారు. చివరికి, “నాకూ ఉంది నాయనా చప్పుడు. ఈల వేసినట్టు చెవిలో గుండె కొట్టుకుంటుంది. ఆయాసం. మా వాళ్లు వయసంటారు” అన్నారు మేస్త్రీతో. ఆయన నవ్వలేదు. “మరి ఎప్పుడొస్తాదమ్మా?” అన్నాడు, పాపం, అలవాటు కొద్దీ.

ఆవిడ ఆలోచించారు. కూర్చుంటే లేదు. పడుకుంటే లేదు. మెట్లెక్కితే వస్తుంది, అదీ ఈ రెండు నెలలుగా. అంతకుముందు అదే మెట్లు హాయిగా ఎక్కేవారు. “దసరాకి కూడా ఎక్కానే!” అని ఆవిడే ఆశ్చర్యపోయారు. వయసైతే దసరాకీ మాఘానికీ మధ్య అంత తేడా వస్తుందా? మావారు తల్లి మొహం కేసి చూశారు. మర్నాడు ఆయనే సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లారు. రక్తం బాగా తగ్గిపోయిందని తేలింది. ఎందుకు తగ్గిందో పరీక్షలు చేసి, దానికీ దీనికీ మందులిచ్చారు. ఇప్పుడు మెట్లెక్కుతున్నారు. డాక్టరమ్మ కూడా మొదట అడిగింది ఆ ప్రశ్నేనని మా అత్తయ్యగారు అందరికీ చెబుతారు. “ఆనందపురం మేస్త్రీ ముందే అడిగాడమ్మా” అన్నారట ఆవిడతో!

ఇంకో చిన్న మాట. చప్పుడు వినండి, రాసుకోండి, ఫోనులో రికార్డు చేసుకోండి. అంతేగాని జాకీ మీద ఎత్తిన బండి కిందికి మాత్రం ఎవరూ దూరవద్దు, ఇంట్లోవాళ్లని దూరనివ్వవద్దు. ఇప్పుడే ఆగిన బండి సైలెన్సరు ముట్టుకోవద్దు, పెనం కన్నా ఘోరంగా కాలుతుంది. లోయర్ ఆర్మ్ లాంటిది మార్చాక చక్రాల అలైన్‌మెంటు చేయించడం మరిచిపోవద్దు. మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు జబ్బు పేరు మనం చెప్పక్కర్లేదు. “బేరింగు పోయింది, మార్చండి” అంటే బేరింగే మారుస్తాడు, చప్పుడు అలాగే ఉంటుంది. ఎంత వేగంలో, ఏ వైపు, మలుపులోనా గతుకులోనా, పొద్దున్నా ఎండలోనా – ఇవి చెబితే చాలు. పేరు పెట్టడం వాళ్ల పని, గుర్తులు చెప్పడం మన పని.

ఇప్పుడు కరెంటు కార్లొచ్చాయి. ఇంజను మోత లేదు. దాంతో కింద బుష్షులు, బేరింగులు అనే మాటలు ఇంకా బాగా వినిపిస్తాయిట. పాట వాల్యూము పెంచే మగవాళ్లకి కష్టకాలమే. అంతకన్నా వింత ఏమిటంటే, ఆ కార్లు మరీ నిశ్శబ్దంగా వస్తుంటే నడిచేవాళ్లకీ చూపులేనివాళ్లకీ ప్రమాదమని, మెల్లగా వెళ్లేటప్పుడు ఏదో ఒక చప్పుడు చేసే పరికరం ఉండాలని యూరప్‌లో 2019 నుంచి కొత్త నమూనాలకీ, 2021 నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ నియమం పెట్టారు. చప్పుడు పోగొట్టుకోవడానికి నూరేళ్లు తంటాలుపడి, చివరికి డబ్బిచ్చి చప్పుడు కొని తగిలించుకుంటున్నారన్నమాట.

కాబట్టి మీవారు వాల్యూము పెంచబోతే చెయ్యి అడ్డం పెట్టండి. బండి కింద ఏదన్నా వినిపిస్తే ఏం చప్పుడని బెంగపడకుండా, ఎప్పుడొస్తోందో చూసుకోండి. ఇంట్లో ఎవరన్నా “నాకేదోలా ఉందే” అంటే, “ఏం లేదులే” అనే ముందు ఆ ప్రశ్నే అడగండి. దానికి ఖర్చేం లేదు. కందెన కన్నా చవక.